ఎడమచేతి పాళీ

ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల దగ్గర, రాతిబొమ్మలు చెక్కే పాకల వరసకు చివర, జకరయ్య పెన్నుల బంకు ఉండేది. బంకు అనగానే పెద్దగా ఊహించుకోకండి. మనిషి లోపల కూర్చుంటే మోకాళ్లు బయటికొచ్చే చెక్కపెట్టె అది. పగలంతా పక్కన ఉలి చప్పుడు, గాలి లేస్తే రాతిదుమ్ము. ఆ దుమ్ము పెన్నుల్లో పడకుండా ముందర ఒక తడిగుడ్డ వేలాడగట్టుకునేవాడు. కోర్టు గుమాస్తాలు, కరణాలు, మా బడి పంతుళ్లు, అందరి పెన్నులూ ఆ తడిగుడ్డ కిందనుంచే లోపలికి పోయి, బాగుపడి బయటికి వచ్చేవి.

నేను ఆ ఊరి హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. పేరు శేషాద్రి, మాది అహోబిలం. మా నాయన గుళ్లో ప్రబంధం పాడేవాడు. ఆయన గొంతు నాకు రాలేదు, కోపం మాత్రం వచ్చింది. పిల్లలు నన్ను చూసి ఎంత భయపడేవాళ్లో నాకు బాగా తెలుసు. అందుకు అప్పట్లో లోలోపల సంతోషించేవాణ్ణి కూడా. ముఖ్యంగా దస్తూరి విషయంలో నేను ఎవర్నీ వదిలేవాణ్ణి కాను. అక్షరం గుండ్రంగా ఉండాలి, తలకట్టు అక్షరాన్ని అంటుకుని ఉండాలి, వరస వంకర పోకూడదు. గొప్ప చెప్పుకోవడానికి చెప్పడం లేదు. జకరయ్య గురించి చెప్పాలంటే ఇది కూడా చెప్పాలి, అంతే.

జకరయ్యది చర్చి వెనక సందులో ఇల్లు. వాళ్ల నాయన ఎవరో దొర దగ్గర పనిచేస్తూ గడియారాలు, పెన్నులు విప్పడం నేర్చుకున్నాడట. కొడుకు గడియారాలు వదిలేసి పెన్నులు పట్టుకున్నాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. గడియారాలవాళ్లు వాడే అద్దం కంటికి బిగించుకుని పాళీ మొనకేసి చూస్తూ కూర్చుంటే ఎదురుగా ఎవరు నిలబడ్డారో కూడా పట్టేది కాదు. ఒకసారి మా హెడ్మాస్టరు వచ్చి పది నిమిషాలు నిలబడి, పలకరించే దిక్కు లేక మండిపడి వెళ్లిపోయాడు. ఆ సంగతి నేను చెబితే జకరయ్య ఏమాత్రం కంగారు పడలేదు.

"పెన్ను చేతికిచ్చింటే చూసిందును గదా అయివారూ. మనిషిని చూసి నేనేం చేసేది?" అన్నాడు.

పెన్ను బాగుచేసి ఇచ్చేటప్పుడు మాత్రం ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవాడు. "ఎవురికీ ఇయ్యాకు. పాళీ నీ చేతికి అరిగింటాది. ఇంకోడు రాస్తే చెడ్తాది." మొదట్లో నాకు అది చాదస్తంలాగే అనిపించింది. ఒకనాడు నా పాళీని ఆ అద్దం కింద పెట్టి చూపించాడు. మొన ఒక వైపు కొంచెం ఏటవాలుగా అరిగి ఉంది. నేను పెన్ను ఎంత వంచి పట్టుకుంటానో, ఎంత నొక్కుతానో అందులో తెలిసిపోతోంది. "మీకు కోపం జాస్తి అయివారూ, ఈడ చూడండి, ఎట్ల నొక్కినారో" అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను, నవ్వలేదు.

జకరయ్యకు, అతని భార్య సలోమికి ఒక్కతే కూతురు, సువార్తమ్మ. ఆరో తరగతి నుంచి పది దాకా నా దగ్గరే చదివింది. ఆ పిల్లది ఎడమచేతి వాటం. నా క్లాసులో ఎడమచేత్తో రాయడం కుదరదు. అప్పట్లో ఏ బళ్లోనూ కుదిరేది కాదనుకోండి. కానీ మిగతా పంతుళ్లు చూసీ చూడనట్టు పోయేవాళ్లు, నేను పోలేదు. చెయ్యి మారిందంటే చాలు, స్కేలు పడేది. ఆ పిల్ల ఏడ్చేది కాదు. పెన్ను కుడిచేతిలోకి మార్చుకుని, కోడి గెలికినట్టు నాలుగు వరసలు రాసి చూపించేది. దస్తూరికి నేను సున్నా పెట్టేవాణ్ణి. ఇంటికి పోయి ఎడమచేత్తోనే రాసుకుంటుందని నాకు తెలుసు. అక్కడ నా పెత్తనం లేదు కాబట్టి ఊరుకున్నాను.

పదో తరగతిలో ఉండగా జకరయ్య కూతురికి సొంతంగా ఒక పెన్ను చేశాడు. ఎబొనైట్ అనే గట్టి రబ్బరు నల్లకడ్డీ తెప్పించి, చేత్తో తిప్పే లేతు మీద గొట్టం, మూత చెక్కి, పాళీని ఎడమచేతికి అనువుగా ఏటవాలుగా సానబట్టి ఇచ్చాడు. మామూలు పెన్ను ఎడమచేతికి ఎదురుగా తోసినట్టు పోతుంది, కాగితంలో గుచ్చుకుంటుంది. ఇది అట్లా కాదు. ఆ పిల్ల రెండేళ్లు దానితోనే రాసింది. రాసి రాసి ఆ పాళీ పూర్తిగా ఆ పిల్ల చేతికి అరిగిపోయింది.

పెన్ను చేశాడని నాకు చూచాయగా తెలుసు గానీ, దాన్ని ఎన్నడూ చూడలేదు. నా క్లాసుకు దాన్ని తెచ్చేది కాదు.

పది అయ్యాక సువార్తమ్మ టీచరు ట్రైనింగుకని నంద్యాలలో హాస్టల్లో చేరింది. ప్రతి శనివారం ఇంటికి వచ్చేది కాబట్టి ఉత్తరాలు రాసే అవసరం రాలేదు. డెబ్భై ఏడులో, ఆగస్టు నెలలో, ఒక ఆదివారం తిరిగి పోతూ పెన్ను తండ్రి చేతిలో పెట్టిందట. "మెడ కాడ ఇంకు కారుతాంది నాయనా, వేళ్లన్నీ నల్లగైతాండాయి. వచ్చే ఆదివారానికి చేసిపెట్టు" అని. ఆ వారంలోనే హాస్టల్లో జ్వరం పట్టుకుంది. నాలుగు రోజుల్లో పిల్ల పోయింది. అంటుజ్వరం అని భయపడి హాస్టలు వాళ్లు ఆ పిల్ల పరుపు, బట్టలు, పెట్టె, పెట్టెలోని నోటుపుస్తకాలు అన్నీ వెనక పెరట్లో కుప్ప పోసి కాల్చేశారు. ఇంట్లో ఉన్న పాత పుస్తకాలు అంతకు ముందే పొట్లాల కాగితాలకు పోయాయి. మనందరి ఇళ్లలోనూ అంతే కదా. బడి గ్రూపు ఫోటోలో ముఖం మిగిలింది. రాసిన అక్షరం మాత్రం ఒక్కటి కూడా మిగల్లేదు. పెన్ను ఒక్కటే, తండ్రి బంకులో ఉండబట్టి మిగిలింది.

సమాధి చేసిన రోజు జకరయ్య ఏడవలేదు. మూడో నాడు బంకు తెరిచాడు. నేను పరామర్శకని పోయి, నాలుగు మాటలు మనసులో కూర్చుకుని నిలబడ్డాను. అద్దం కంటి మీదనే ఉంది. తల ఎత్తి, "పెన్ను తెచ్చినారా అయివారూ?" అని అడిగాడు. లేదన్నాను. "అట్లనా" అని మళ్లీ తల వంచుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. కన్నకూతురు పోతే ఇంత రాయిలాగా ఉంటాడా మనిషి అనుకున్నాను, ఊళ్లో పదిమందితో అన్నాను కూడా. సలోమి ఇద్దరి బదులూ తానే ఏడ్చింది. ఇతను మాత్రం మొద్దుబారిపోయాడు. తింటున్నాడు, పడుకుంటున్నాడు, పాళీలు రుద్దుతున్నాడు. పని మునుపటికంటే నాణ్యంగా చేస్తున్నాడు కూడా. అడిగితే జవాబు చెబుతాడు, అడక్కపోతే లేదు. అట్లా ఏడేళ్లు పోయాయి.

ఎనభై నాలుగు డిసెంబరులో నంద్యాల నుంచి కృష్ణస్వామి జాబు రాశాడు. కృష్ణస్వామి మా మేనత్త కొడుకు, రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. మనిషికి పెన్నుల పిచ్చి. ఇంట్లో బియ్యం డబ్బాల కంటే సిరాబుడ్లే ఎక్కువ అని వాళ్లావిడ మొత్తుకునేది. బళ్లారి, అనంతపురం, కర్నూలు, ఎక్కడెక్కడో ఉన్న తనలాంటి పిచ్చివాళ్లతో ఉత్తరాలు నడిపి, చివరికి వాళ్లందర్నీ పిలిచి స్టేషను దగ్గర ఒక పెళ్లి సత్రంలో రెండు రోజులు కలాల ప్రదర్శన పెట్టాడు. అందరూ బాల్‌పెన్నులకు మారిపోతున్న రోజులవి. బాగుచేసేవాడు కూడా ఒకడు ఉంటే బాగుంటుంది, మీ ఊరి జకరయ్యను తీసుకురా అని రాశాడు.

రాడేమో అనుకున్నాను. అడగ్గానే "పోదాం" అన్నాడు.

ఎందుకు ఒప్పుకున్నాడో నాకు తిరుగు బస్సులో తెలిసింది. మీకు ఇప్పుడే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టడం నాకు చేతకాదు, పైగా నేను చేసిన పని ఎట్లాంటిదో ముందే తెలిస్తేనే మీకు అర్థమవుతుంది. జకరయ్యకు కూతురి అక్షరం గుర్తుకు రావడం మానేసింది. ముఖం గుర్తుంది, గొంతు గుర్తుంది, రాత మాత్రం ఎంత తలుచుకున్నా కంటి ముందు నిలబడటం లేదు. ఆ పెన్ను పట్టుకుని తన ఎడమచేత్తో రాసి చూశాడట. చెయ్యి తిరగక గీతలే వచ్చాయట. అలవాటుగా ఎడమచేత్తో రాసేవాళ్లెవరైనా ఆ పాళీతో రాస్తే, ఎక్కడ లావు పడాలో ఎక్కడ సన్నం కావాలో ఆ పాళీయే చెబుతుంది, బిడ్డ రాత ఒక్కసారి కంటికి కనబడుతుంది అని అతని ఆశ. ఆళ్లగడ్డలో ఎడమచేత్తో రాసేవాడు ఎవడున్నాడు? మాలాంటి పంతుళ్లం ఒక్కణ్ణి కూడా మిగల్చలేదు. అన్ని ఊళ్ల నుంచి పెన్నుల మనుషులు వచ్చే చోట రెండు రోజుల్లో ఒక్కరన్నా ఉండకపోతారా అని బయలుదేరాడు. నాతో ఒక్క ముక్క అనలేదు. అడక్కపోతే చెప్పని మనిషి, నేను అడగలేదు.

సత్రంలో పొడుగ్గా బల్లలు వేసి తెల్లదుప్పట్లు పరిచారు. వాటి మీద వరసగా పెన్నులు, ఒక్కో పెన్ను పక్కన ఒక చీటీ, ఒక తెల్ల కాగితం. కృష్ణస్వామి గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాడికల్లా ఒకటే నియమం చెబుతున్నాడు, రాసి చూడకుండా ఏ పెన్నునూ మెచ్చుకోవద్దు, రాసి చూడకుండా తిట్టనూ వద్దు అని. జనం బాగానే వచ్చారు. పెన్ను చేతికి రాగానే మన మనిషి మొదట రాసేది తన పేరే కదా. సాయంత్రానికి కాగితాల నిండా సంతకాలు. అనంతపురం నుంచి వచ్చిన ఒకాయన తన పెన్నులను కళ్లజోడు పెట్టెలో దూది మధ్య పెట్టుకొచ్చాడు. బళ్లారి ఆయన మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ఇది ఫలానా కాలపు ఎబొనైట్ అని చెప్పేస్తున్నాడు. నాకు నవ్వు వచ్చింది. అంత పెద్ద మనుషులు అంత చిన్న వస్తువుల మీద అట్లా వంగిపోవడం చూస్తే కొంచెం ముచ్చటగా కూడా అనిపించింది.

ఎవరెవరు సొంతంగా పెన్నులు చేశారో వాళ్లకు ఒక బల్ల విడిగా వేశారు. జకరయ్య చొక్కా జేబులోంచి ఒక నల్లపెన్ను తీసి అక్కడ పెట్టాడు. చీటీ మీద కృష్ణస్వామే రాశాడు, "చేసినవారు జకరయ్య, ఆళ్లగడ్డ" అని. అది ఎవరి పెన్నో నేను అడగలేదు, అతను చెప్పలేదు. రిపేరు బల్ల హాలుకు ఆ చివర. జకరయ్య తన స్టూలును గోడ వైపు కాకుండా ఈ బల్ల వైపు తిప్పి వేసుకున్నాడు. ఎవరన్నా ఆ నల్లపెన్ను దగ్గర ఆగితే తల ఎత్తి చూడటం, మళ్లీ వంచుకోవడం. తన చేతిపని ఎవరు మెచ్చుకుంటారో చూసుకుంటున్నాడు కాబోలు, ఈ మనిషిలో ఇంకా ఆ మాత్రం ఉప్పూకారం ఉందే అని సంబరపడ్డాను.

నా పని ఏమిటంటే, రిపేరుకు వచ్చిన పెన్నుల్ని విప్పి, గొట్టాలూ మూతలూ చీటీ కట్టి ఒక పక్క ఉంచి, పాళీ ఉన్న మెడ ముక్కల్ని నీళ్లలో జాడించి సాసరులో వేసి జకరయ్య ముందు పెట్టడం. మెడ ముక్కలన్నీ నల్లగా ఒకటే తీరుగా ఉంటాయి. అతను సాసరులోంచి ఒక్కొక్కటే తీసి, అద్దం కింద చూసి, సానరాయి మీద రుద్ది, గాజుపలక మీద నునుపు చేసి, కాగితం మీద ఎనిమిది అంకెను పడుకోబెట్టినట్టు రెండు మూడు చుట్లు తిప్పి పక్కన పెట్టేవాడు. మొదటి రోజు ముప్ఫై దాకా చేశాడు. ఎడమచేతి మనిషి మాత్రం రాలేదు.

రెండో రోజు పొద్దున ఒక లాయరుగారు వచ్చి జకరయ్య నల్లపెన్నుతో సంతకం పెట్టబోయాడు. కాగితం చిరిగింది.

"ఏందప్పా ఇది, ఇట్ల గీరుకుంటాంది? ఎవురు చేసినారు దీన్ని?" అన్నాడు. చీటీ చదివి, "ఆళ్లగడ్డోళ్లు రాళ్లు చెక్కుకోక పెన్నులెందుకు చేస్తాండారు?" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

నాకు తల కొట్టేసినట్టయింది. నంద్యాలవాళ్ల ముందు మా ఊరి పరువు పోయిందే అన్న బాధ ఒకటి, ఊరందరి పాళీలూ బాగుచేసి తన పెన్ను పాళీ చూసుకోని ఈ మనిషి మీద విసుగు ఒకటి. అతనితో చెబితే చిన్నబుచ్చుకుంటాడని, గుట్టుగా ఆ పెన్ను తీసి, విప్పి, మెడ ముక్కను జాడించి, మిగతావాటితో పాటు సాసరులో వేశాను. ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టే వేశాను.

జకరయ్య తీశాడు. అద్దం కింద చూశాడు. ఒక పక్కకు అరిగిపోయిన పాళీలు ఆ రెండు రోజుల్లో పాతిక దాకా వచ్చి ఉంటాయి, ఇదీ వాటిలో ఒకటి. సానరాయి మీద ఇటు నాలుగు, అటు నాలుగు. గాజుపలక. పడుకున్న ఎనిమిది. పక్కన పెట్టేశాడు. నేను చూస్తూనే ఉన్నాను, రెండు నిమిషాలు పట్టలేదు. బిగించి తీసుకుపోయి మళ్లీ బల్ల మీద పెట్టాను. ఆ తరవాత రాసినవాళ్లంతా భేష్ అన్నారు.

మధ్యాహ్నం మూడింటికి గోస్పాడు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకామె వచ్చింది. అన్ని బల్లలూ చూసుకుంటూ వచ్చి ఆ నల్లపెన్ను తీసుకుంది. మూత తీసి ఎడమచేత్తో పట్టుకుంది. హాలుకు ఆ చివర స్టూలు కిందపడ్డ చప్పుడైంది. జకరయ్య అద్దం నుదుటి మీదికి తోసుకుని, మనుషుల మధ్యలోంచి గబగబా వచ్చాడు. అతను అంత వేగంగా నడవడం నేను ఏడేళ్లలో చూడలేదు. ఆమె తన పేరు రాసింది, ఊరు రాసింది.

"బాగుండాది. నున్నగ పోతాంది" అంది అతనితో.

అతను కాగితం చేతిలోకి తీసుకున్నాడు. లావు లేదు, సన్నం లేదు. అక్షరాలన్నీ ఒకే మందాన ఉన్నాయి. పెన్ను తీసుకుని అద్దం కంటి మీదికి దించుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"దీన్ని ఎవురు ముట్టినారు?"

"నువ్వే కదయ్యా, పొద్దున రుద్దినావు" అన్నాను నేను, గర్వంగానే. "గీరుకుంటుంటే నేనే విప్పి సాసర్లో వేసినా. ఎట్లుంది ఇప్పుడు?"

"నేనేనా" అన్నాడు.

మూత పెట్టి పెన్ను జేబులో వేసుకున్నాడు. పోయి స్టూలు నిలబెట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రం దాకా ఇంకా పదకొండు పెన్నులు చేశాడు. కృష్ణస్వామి సభ పెట్టి శాలువా కప్పితే కప్పించుకున్నాడు. చప్పట్లు కొడితే నిలబడ్డాడు, కూర్చోమంటే కూర్చున్నాడు.

ఆళ్లగడ్డ బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. శాలువా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. శిరివెళ్లలో బస్సు ఆగి, దిగేవాళ్లు దిగాక, బస్సు సద్దు కొంచెం తగ్గింది. అప్పుడు నేను అడిగాను, ఏమైంది జకరయ్యా, ఆ పెన్నుకు ఏమైంది అని. ఎంతకాలానికో అడిగాను. అడిగితే చెప్పే మనిషి కదా, అంతా చెప్పాడు. మీకు పైన చెప్పిందంతా అప్పుడు చెప్పిందే. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ధరలు చెప్పినట్టు చెప్పాడు.

"తప్పు నాదే, నేనే సాసర్లో వేసినా" అన్నాను. తిట్టు జకరయ్యా, అని కూడా అన్నాను. తిడితే బాగుండునని నిజంగా కోరుకున్నాను.

"మీరు పెట్టినారు, సరే. రుద్దింది నా చెయ్యి గదా అయివారూ" అన్నాడు. అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "బిడ్డ పాళీ అని ఈ చేతికే తెలీల్యా."

అంతే. కిటికీ వైపు తిరిగాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఏడేళ్ల కింద అతన్ని రాయి అన్నది గుర్తొచ్చింది. మనిషి అట్లా ఎట్లా అవుతాడో అప్పుడు నాకు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి పోయాను. అంతకు ముందు ఎన్నడూ ఆ గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో మీకు తెలుసు, నాకూ తెలుసు. సలోమి బయట నేల చిమ్ముతోంది. నన్ను చూసి చీపురు పక్కన పడేసి, కొంగుతో స్టూలు తుడిచి లోపల వేసింది. జకరయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెన్ను కిటికీలో ఉంది.

"జరిగింది చెప్పినాడా?" అని సలోమిని అడిగాను.

"చెప్పినాడు. రేత్రి నుంచి పాళీ పాయె, పాళీ పాయె అంటాండాడు" అంది సలోమి. "నాకేం తెలుసయ్యా పాళీ సంగతి? నాకు అక్షరమే రాదు. బిడ్డ రాసుకుంటాంటే దీపం ఒత్తి ఎగదోస్తా పక్కన కూసుంటి గానీ, ఆ రాత ఎట్లుండేదో నాకు పట్టల్యా. ఈయప్పకేమో గుర్తు లేదంట." నా ఎదురుగా నేల మీద కూర్చుంది. "మీరు అయిదేండ్లు చూసినారు గదా అయివారూ. మా బిడ్డ ఎట్ల రాసేది? బిడ్డ పేరు ఒక్కసారి రాసి సూపీండి. నేను దాసుకుంటా."

కిటికీలోని పెన్ను తీసి నా చేతికిచ్చింది. ఎవరో ఇచ్చిపోయిన పాత క్యాలెండరు కాగితం ఒకటి గోడ నుంచి చించి, వెనక తెల్లవైపు తిప్పి నా ముందు పెట్టింది.

ఏమని చెప్పను? ఆ పిల్ల ఎడమచేత్తో రాసిన అక్షరం నేను ఒక్కటి కూడా చూడలేదు. చూసేదాకా ఎన్నడూ రానివ్వలేదు. నేను చూసిందల్లా స్కేలు భయానికి కుడిచేత్తో గెలికిన గీతలు. అవి ఆ పిల్ల రాత కాదు. ఆ మాట ఆ తల్లి ముఖం మీద చెప్పేంత ధైర్యం నాకు లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోతూ మూత తీశాను. నా కుడిచేతికి పాళీ అద్భుతంగా నడిచింది. ఎక్కడా గీరుకోలేదు. "సువార్తమ్మ" అని రాశాను. గుండ్రంగా, తలకట్లు అతుక్కుని, వరస తప్పకుండా, ముత్యాల్లా వచ్చాయి.

సలోమి కాగితం రెండు చేతుల్తో తీసుకుంది. "ఇంత సక్కగ రాసేదా?" అంది.

"ఔను" అన్నాను.

మొగుడి వైపు తిప్పి చూపించింది. "ఏమయ్యా, ఇట్లనేనా?"

జకరయ్య కాగితం అందుకుని చూశాడు. నా దస్తూరి అతనికి తెలుసు. పాతికేళ్లు నా పెన్నులు బాగుచేసిన మనిషి. తల ఎత్తి నా వైపు ఒకసారి చూశాడు.

"ఇట్లనే" అన్నాడు భార్యతో.

ఆమె కోసం అన్నాడో, నిజంగానే అతనికి ఇక ఏమీ గుర్తు లేదో నేను అడగలేదు. సలోమి ఆ పేరు వరకు కత్తిరించి బైబిల్లో పెట్టుకుంది. చర్చికి వచ్చిన ఆడవాళ్లకు తీసి చూపిస్తుందట, మా బిడ్డ రాత అని. అయిదేళ్లు కొట్టి కూడా ఆ పిల్ల చేత నేను రాయించలేకపోయిన అక్షరాలు అవి. ఇప్పుడు ఆ ఇంట్లో సువార్తమ్మ రాత అంటే అవే.